క్రొత్త ప్రాజెక్టు మేనేజర్లు చేయరాని పొరపాట్లు

మన సంఘములలో నేడు 'ప్రాజెక్టు' అను మాట తరచుగా వినవచ్చుచున్నది. అద్దకపు షెడ్డు కట్టించుట ఒక ప్రాజెక్టు. పాతిక మగ్గములకు జకార్డులు పెట్టించుట ఒక ప్రాజెక్టు. పండుగకు ముందు ఒక పెద్ద ఆర్డరును నేయించి పంపుట కూడ ప్రాజెక్టే. ఈ పనులకు కాలేజీలలో చదివి వచ్చిన మన పిల్లలే మేనేజర్లుగా కుదురుచున్నారు. ఇది సంతోషింపదగిన సంగతి. షోలాపురమందైనను, సేలమందైనను, బరంపురమందైనను, ఇల్కల్ ప్రాంతమందైనను, యానామందైనను, తాతతండ్రుల మగ్గము ప్రక్కన పెరిగిన పిల్లలు తిరిగి ఆ మగ్గమును నిలబెట్టు పనికి వచ్చుట కంటె మనకు కావలసిన దేమున్నది?

కాని చదువు వేరు, పని నడుపుట వేరు. క్రొత్తవారు చేయు పొరపాట్లు చాలవరకు ఒకే తీరున నుండును. వానిని ముందుగా తెలిసికొనినచో నష్టము తప్పును. మా సంఘములోనే జరిగిన ఒక సంగతిని చెప్పి, దానినుండి మేము నేర్చుకొన్న వానిని ఇచట వివరించుచున్నాము. ఇందులో ఎవరిని నిందించు తలంపు మాకు లేదు. ఆ నష్టములో మా తప్పు కూడ ఉన్నదని చివరకు మేమే చెప్పబోవుచున్నాము.

ప్రాజెక్టు అనగా నేమి?

సంఘపు రోజువారీ పనికిని, ప్రాజెక్టునకును భేదమున్నది. నూలు ఇచ్చుట, బట్ట తీసికొనుట, మజూరీ చెల్లించుట ఏటివలె ఎడతెగక సాగు పనులు. ప్రాజెక్టు ఒక పడుగు వంటిది. దానికి మొదలున్నది, కొస యున్నది, ఇన్ని పోగులని లెక్క యున్నది, ఇంత పొడవని కొలత యున్నది. కొస వచ్చిన నాడు మగ్గమునుండి కోసి చేతిలో పెట్టవలసినదే. పడుగు చేయునప్పుడు లెక్క తప్పినచో ఆ తప్పు చివరి గజము వరకు వెంట వచ్చును. ప్రాజెక్టు కూడ అంతే. చాల పొరపాట్లు మొదటి వారములోనే పుట్టి, చివరి వారములో బయటపడును.

జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బట్టల దుకాణమువారు మా సంఘమునకు 240 నూలు చీరెలకు ఆర్డరు ఇచ్చిరి. 80 నంబరు నూలు, రెండు రంగులు, దసరాకు పది రోజులు ముందుగా అందవలెను. అప్పుడే పనిలో చేరిన యువకునికి ఆ బాధ్యత అప్పగించితిమి. తెలివిగలవాడు, నేతవారి బిడ్డ. అతడు లెక్క వేసెను. మగ్గములు 30. మగ్గమునకు 8 చీరెలు. రెండు రోజులకొక చీరె చొప్పున 16 రోజులు. ముందు వెనుకల పనులకు 14 రోజులు. దైవాధీనమునకు మరి 5 రోజులు. మొత్తము 35 రోజులు. కాగితము చక్కగా నున్నది. మేము చేవ్రాలు చేసితిమి.

ముప్పది యైదవ రోజున మా చేతికి వచ్చినవి నూరు చీరెలు. పని ముగియునప్పటికి 55 రోజులు పట్టెను. ఎక్కడ తప్పిపోయినదో ఒక్కొక్కటిగా చూతము.

మొదటి పొరపాటు: మగ్గములను మాత్రమే లెక్కించుట

మగ్గము కంటికి కనపడును. మగ్గమునకు ముందున్న చేతులు కనపడవు. నూలు తెచ్చుట, అద్దుట, పడుగు చేయుట, గంజి పెట్టుట, అచ్చు అతుకుట, కండెలు చుట్టుట, ఇవన్నియు జరిగినగాని నాడె ఆడదు. ఆ ఆర్డరులో నూలు చేతికి వచ్చుటకు 8 రోజులు, తొలి అద్దకమునకు 4 రోజులు పట్టినవి. పదునాలుగవ రోజున మొదటి పడుగునకు గంజి పడెను. మా ఊరిలో గంజి పెట్టు కుటుంబములు రెండే. ఒక్కొక్కరు రోజునకు ఒక్క పడుగు. ఎండ యున్న నాడే ఆ పని సాగును. 30 పడుగులకు 15 ఎండ రోజులు కావలెను. నడుమ 5 రోజులు వానపట్టెను. కడపటి పడుగునకు గంజి పడునప్పటికి 33 రోజులు గడచినవి. అనగా మనము బట్ట ఇచ్చెదమని మాట యిచ్చిన గడువునకు రెండు రోజుల ముందు వరకు కొన్ని మగ్గములపై పడుగే లేదు.

అప్పుడు కంగారుపడి అతడు, "ఇంకో పది మగ్గాలు పెడదామా?" అని గంజి పెట్టు పెద్దాయనను అడిగెను. ఆయన నవ్వి, "మగ్గాలెన్నని అందర్నీ అడిగావు నాయనా. గంజి పెట్టే చేతులెన్నని మా గడపకొచ్చి అడగలేదు. మగ్గాలు పెంచితే నా కుంచె తొందరగా నడుస్తుందా?" అనెను. ప్రాజెక్టు మేనేజరు నేర్వవలసిన పాఠమంతయు ఈ మాటలో నున్నదని మా అభిప్రాయము.

దీనినే పాశ్చాత్యులు శాస్త్రముగా వ్రాసిరి. అమెరికాలో 1957 ప్రాంతమున డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ అనువారు పెద్ద కర్మాగారముల నిర్మాణమునకై ఒక పద్ధతిని రూపొందించిరి. దానిని 'క్రిటికల్ పాత్' పద్ధతి యందురు. దాని సారమిది. పనులన్నిటిని వ్రాసి, ఏ పని తరువాత ఏ పని జరుగవలెనో గీతలతో కలుపవలెను. అన్నిటికంటె ఎక్కువ కాలము పట్టు వరుసయే మొత్తము పనికి పట్టు కాలము. ఆ వరుసలోని పని ఒక రోజు ఆలస్యమైనచో ప్రాజెక్టంతయు ఒక రోజు ఆలస్యమగును. ఆ వరుసలో లేని పని ఒకటి రెండు రోజులు జాగైనను బాధ లేదు. కండెలు చుట్టుట ఇట్టిది. పడుగు ఎక్కులోపల ఇంటిలోని వారు తీరికగా చుట్టుకొనవచ్చును. గంజి అట్టిది కాదు. కనుక మేనేజరు కన్ను కండెల మీద కాక గంజి మీద నుండవలెను.

ఇందుకు కంప్యూటరు అక్కరలేదు. ఒక పెద్ద కాగితము, ఒక పెన్సిలు చాలును. కాని ఆ కాగితము మీది అంకెలు ఆఫీసులో ఊహించినవి కారాదు. అద్దకము చేయువారి యింటికి, గంజి పెట్టువారి యింటికి, అచ్చు అతుకువారి యింటికి పోయి, "రోజుకెన్ని? వానొస్తే ఎన్ని? ఈ నెలలో మీ చేతిలో ఇంకెవరి పని ఉంది?" అని అడిగి వ్రాసికొన్నవి కావలెను. గడపకు పోయి అడుగని లెక్క లెక్క కాదు.

రెండవ పొరపాటు: నూలు లెక్కను వాడుక మాటతో సరిపెట్టుట

"చీరెకు పావు కిలో" అను వాడుక మాట మన వీధులలో నున్నది. అతడు దానిని పట్టుకొని 240 చీరెలకు 60 కిలోలని 5 కిలోల కట్టలు 12 కొనెను. సరియైన లెక్క ఇట్లుండవలెను.

నూలు నంబరనగా ఒక పౌనుకు ఎన్ని చిలపలో ఆ సంఖ్య. చిలప 840 గజములు. కనుక 80 నంబరు నూలు పౌనుకు 80 × 840 = 67,200 గజములు. పౌననగా సుమారు 454 గ్రాములు.

పడుగు: 47 అంగుళముల వెడల్పు, అంగుళమునకు 72 పోగులు, మొత్తము 3,384 పోగులు. 8 చీరెలకు, కుదింపును, కొసల తరుగును కలిపి 55 గజముల పొడవు. అనగా 1,86,120 గజముల నూలు. దీనిని 67,200 చే భాగింపగా 2.77 పౌనులు, అనగా సుమారు 1,256 గ్రాములు. ఇట్టి పడుగులు 30 కి దాదాపు 37.7 కిలోలు.

పేక: 6 గజముల చీరె 216 అంగుళములు. అంగుళమునకు 64 పోగుల చొప్పున 13,824 పోగులు. ఒక్కొక్క పోగు అచ్చులో 49 అంగుళములు. మొత్తము 18,816 గజములు, అనగా 127 గ్రాములు. 240 చీరెలకు దాదాపు 30.5 కిలోలు.

రెండును కలిసి 68 కిలోలకు పైచిలుకు. నూటికి 5 వంతున తరుగు చేర్చినచో 72 కిలోలు. అనగా 15 కట్టలు. అతడు కొన్నది 12. మిగిలిన 3 కట్టలు తరువాత తెప్పించి వేరుగా అద్దించవలసి వచ్చెను. మరియొక నాటి అద్దకము మరియొక ఛాయ. అదే రంగు, అదే పొడి, అదే చేయి, అయినను ఛాయ కలియలేదు. పదునాలుగు చీరెలు రెండవ రకముగా పోయినవి.

వాడుక మాట అబద్ధము కాదు. అది ఏ నంబరుకో, ఏ అచ్చుకో పుట్టిన మాట. మన పనికి అది చెల్లునో లేదో చూచుకొనవలెను. ఒక ఆర్డరుకు కావలసిన ఒక రంగు నూలునంతయు ఒకేసారి అద్దించుట మంచిది. తొట్టి చిన్నదై రెండు మారులు అద్దవలసి వచ్చినచో, మొదటి అద్దకమును పడుగునకు, రెండవదానిని పేకకు వాడినచో తేడా అంతగా కనపడదు.

మూడవ పొరపాటు: మాదిరి లేక నోటిమాటపై పని మొదలుపెట్టుట

ఈ కాలమున ఆర్డర్లు వాట్సాప్ లో వచ్చుచున్నవి. దుకాణమువారు ఫోనులో ఒక చీరె బొమ్మ పంపెదరు. మనము "సరే" అని వ్రాసెదము. ఫోనులోని మామిడి రంగు ఒక ఫోనులో ఒక తీరుగను, మరియొక ఫోనులో మరియొక తీరుగను కనపడును. బొమ్మ చూచి రంగు ఒప్పుకొనుట చీకటిలో నాణెము చూచుట వంటిది.

మంచి పద్ధతి యేమనగా, అద్దిన చిలపనుండి కొంత నూలును, నేసిన గుడ్డ ముక్క నొకదానిని అట్టకు కుట్టి, దుకాణమువారి చేవ్రాలు, తేదీ వేయించి రెండు ప్రతులుగా నుంచుకొనవలెను. ఒకటి వారికి, ఒకటి మనకు. పని నడుమ "అంచు కొంచెము పెంచండి", "కొంగులో ఇంకొక బుటా వేయండి" అని వారు అడుగుట సహజము. క్రొత్త మేనేజరు మొగమాటముచే తలయూపును. మొగమాటమునకు మజూరీ ఎవరు ఇచ్చెదరు? మార్పు అడిగిన ప్రతిసారి మూడు సంగతులు వ్రాసి పంపవలెను: దీనికి ఎన్ని రోజులు ఎక్కువ పట్టును, ఎంత ఖర్చు పెరుగును, ఇప్పటికే నేసినవి ఏమగును. అవి వ్రాసి పంపినచో సగము మార్పులు వారే మానుకొందురు.

నాలుగవ పొరపాటు: ఆఫీసు క్యాలెండరును నమ్ముట

గోడమీది క్యాలెండరులో నెలకు నాలుగైదు ఆదివారములే సెలవులు. నేతవారి క్యాలెండరు వేరు. వానకాలమున గుంటలో చెమ్మ చేరును, కొన్ని చోట్ల నీరే ఊరును. గుంటమగ్గమున కాళ్లు పెట్టుటకు వీలుండదు. వీధిలో పడుగు పరచుటకు ఎండ యుండదు. శ్రావణ పూర్ణిమకు షోలాపురపు పద్మశాలీలు మార్కండేయస్వామి రథమును ఊరేగింతురు. దేవాంగులకు చౌడేశ్వరీ అమ్మవారి ఉత్సవములు. ఒడిస్సాలో రథయాత్ర, మహారాష్ట్రములో గణపతి నవరాత్రులు, తమిళనాట పొంగలి. మనము ఏ నేలపై నివసింతుమో ఆ నేల పండుగలు కూడ మన పండుగలే గదా.

మా ఆర్డరు శ్రావణము కొసన మొదలయ్యెను. నడుమ వినాయక చవితి, తరువాత పితృపక్షము. ఇవి పంచాంగములో అచ్చువేసి యున్నవే. వాన ఎప్పుడు వచ్చునో చెప్పలేకపోవచ్చును గాని పండుగ ఎప్పుడు వచ్చునో చెప్పలేమా? గడువు చెప్పుటకు ముందు పంచాంగమును ప్రక్కన పెట్టుకొని, ఆ నెలలో నిజముగా పని జరుగు రోజులెన్నో లెక్కించవలెను.

అయిదవ పొరపాటు: లాభమును చూచి, చేతిలోని సొమ్మును చూడకుండుట

కాగితముపై లాభము కనపడినంత మాత్రమున పని నడువదు. చీరెకు మజూరీ 700 రూపాయలనుకొందము. 240 చీరెలకు 1,68,000 రూపాయలు. నేతవారికి మజూరీ వారము వారము అందవలెను. నూలు సొమ్ము ముందే చెల్లింపవలెను. దుకాణమువారి సొమ్ము మాత్రము సరకు అందిన తరువాత రెండు నెలలకు వచ్చును. ఈ నడుమ సంఘము దేనితో నడుచును?

నూలు తెచ్చుటకు ఎనిమిది రోజులు పట్టినదంటిమి గదా, కారణమిదే. ఆర్డరు ఒప్పుకొన్న తరువాత బ్యాంకుకు పోయితిమి. సొమ్ము ముందు, ఒప్పుకోలు తరువాత కావలెను. మేనేజరు ప్రతి వారమునకు రెండు గడులు గీచుకొనవలెను: ఈ వారము పోవునదెంత, వచ్చునదెంత. పోవునది మించిన వారము ఏదో ముందుగా తెలిసినచో, కొంత బయానా అడుగుటకో, సరకును రెండు విడతలుగా పంపి మొదటి విడత సొమ్ము ముందుగా రాబట్టుటకో వీలుండును. తెలియకపోయినచో ఆ వారము నష్టపడునది మేనేజరు కాదు. శనివారము నాడు మజూరీకై వచ్చి వట్టి చేతులతో తిరిగిపోవు నేతగాడు. అతడు మరుసటి సోమవారము సావుకారు పనికి పోయినచో అతనిని తప్పుపట్టుటకు మనకు నోరుండదు.

ఆరవ పొరపాటు: మీటింగులో తలలూపుటను ఒప్పుకోలుగా భావించుట

ఆర్డరు వచ్చినప్పుడు మేనేజరు మీటింగు పెట్టెను. ఇంగ్లీషులో నున్న కాగితమును చదివెను. అందరును తలలూపిరి. వచ్చినవారు మగవారే. పని చేయునది ఎవరు? 2019–20 లో జరిగిన నాలుగవ చేనేత గణన ప్రకారము దేశములో 35 లక్షలకు పైగా చేనేత పనివారున్నారు. అందులో నేతవారు 26.73 లక్షలు, అనుబంధ పనులవారు 8.48 లక్షలు. మొత్తములో నూటికి డెబ్బదికి పైగా స్త్రీలు. కండెలు చుట్టునది వారు, చాల ఇండ్లలో అచ్చు అతుకునది వారు, మగ్గముపై కూర్చుండునది కూడ వారే. వారిని అడుగకుండ కుదిరిన గడువు సగము నోటితో చెప్పిన మాట వంటిది. మరుసటి మీటింగునకు వారిని పిలువగా, ఒక అమ్మ లేచి, "రెండు రోజులకో చీర అని ఎవరు రాశారయ్యా? వంటా, నీళ్లూ, పిల్లలూ చూసుకొని నేసేదానికి మూడో రోజు పడుతుంది" అనెను. ఆ ఒక్క మాట మొదటి రోజుననే విని యున్నచో!

భాష సంగతి కూడ ఇచట చెప్పవలెను. ఆంధ్రదేశమునకు వెలుపల నున్న మనకు ఇది ప్రత్యేకమైన చిక్కు. పెద్దలలో తెలుగు చదువ గలవారున్నారు. పిల్లలలో తెలుగు మాటలాడుదురు గాని చదువలేనివారు అనేకులు. దుకాణపు కాగితము ఇంగ్లీషులోనో, మరాఠీలోనో, తమిళములోనో వచ్చును. మన పడుగు–పేకలనే తమిళమున పావు–ఊడై యనియు, కన్నడమున హాసు–హొక్కు అనియు, మరాఠీలో తాణా–బాణా అనియు, ఒడియాలో టాణి–భరణి యనియు అందురు. ఒకే పని, అయిదు పేర్లు. ఆఫీసరు ఒక పేరు చెప్పును, నేతగాడు మరియొక పేరు వినును. కనుక కాగితమును ఇంటి భాషలో చదివి వినిపించి, "మీరు ఏమి చేయబోతున్నారో నాకు చెప్పండి" అని వారి నోట తిరిగి చెప్పించుకొనవలెను. తలయూపుట ఒప్పుకోలు కాదు. తిరిగి చెప్పుట ఒప్పుకోలు.

ఏడవ పొరపాటు: చెడువార్తను దాచుట

ఇది అన్నిటికంటె పెద్దది. పని వెనుకబడుచున్నదని మా యువకునికి ఇరువదియవ రోజుననే తెలిసెను. అతడు ఎవరికిని చెప్పలేదు. "ఎండ వస్తే సర్దుకుంటుంది" అనుకొనెను. ముప్పదవ రోజున దుకాణమువారు అడుగగా "అయిపోతున్నాయండి" అని జవాబిచ్చెను. అంతటితో ఆగక ఒక బ్రోకరు మాట విని, అదే రంగులు, అదే అంచు గల మరనేత చీరెలు 140 తెచ్చి కలిపి పంపుదమా యని మా అధ్యక్షులవారి కడకు వచ్చెను.

చదువరులు ఇచట ఒక్క క్షణ మాగవలెను. మన కులమువారిలో మరమగ్గములపై బ్రతుకు కుటుంబములు వేలకొలది యున్నవి. షోలాపురము, భివండీ మన కష్టముచే పెరిగిన ఊళ్లే. మరనేత తప్పుడు పని కాదు. మరనేతను చేనేత యని చెప్పి అమ్ముట తప్పుడు పని. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము ప్రకారము, నియమిత లక్షణములు గల 11 రకముల బట్టలు చేనేతకే ప్రత్యేకింపబడినవి. చీరె వానిలో నున్నది. 2006 లో వచ్చిన 'హ్యాండ్ లూమ్ మార్కు' కొనువారికి మనమిచ్చు మాట. ఒక్కసారి ఆ మాట తప్పినచో ఒక ఆర్డరు నిలుచునేమో గాని, ముప్పది ఇండ్ల పరువు పోవును.

అధ్యక్షులవారు అతనిని కోపించలేదు. "ఫోను తియ్యి బాబూ. ఉన్నదున్నట్టు చెప్పు. నేను పక్కనే ఉంటాను" అనిరి. అతడు వణకు గొంతుతో నిజము చెప్పెను. దుకాణమువారు గట్టిగానే మందలించిరి. కాని చివరకు, సిద్ధమైన నూరు చీరెలను దసరాకు తీసికొనిరి. తక్కినవానిని దీపావళికి, ధర కొంత తగ్గించి తీసికొనుటకు ఒప్పుకొనిరి. "ఇదే మాట రెండు వారాల ముందు చెప్పి ఉంటే ధర తగ్గించేవాళ్లం కాదు. మా ప్రకటనలు మార్చుకునేవాళ్లం" అని కూడ అనిరి. ఆలస్యమునకు మేము చెల్లించినది కొంత. దాచినందుకు చెల్లించినది అంతకంటె ఎక్కువ.

చెడువార్త పచ్చిగంజి వంటిది. వెంటనే దులిపి విడదీసినచో పోగులు విడివడును. ఆరనిచ్చినచో అతుక్కొని తెగును. గడువు తప్పునని తోచిన నాడే కమిటీకి, కొనువారికి చెప్పవలెను. చెప్పునప్పుడు మూడు సంగతులు వెంట నుండవలెను: ఎంత ఆలస్యము, ఎందువలన, ఇపుడు మనము చేయగల దేమి.

మా తప్పు

ఇక మా సంగతి. యువకునికి బాధ్యత ఇచ్చితిమి గాని అధికారము ఇయ్యలేదు. 5 కిలోల నూలు కట్ట కొనవలెనన్నను మూడు చేవ్రాళ్లు కావలసి యుండెను. గంజి పెట్టువారు ఇద్దరేనని మాకు తెలియదా? తెలియును. అతడు అడుగలేదు, మేము చెప్పలేదు. అతని కాగితము చక్కగా నున్నదని సంతోషించితిమే గాని, "ఈ అంకె ఎవరు చెప్పారు?" అని ఒక్కరమైనను అడుగలేదు. పైగా అంతకు ముందు ఒక ఆలస్యము జరిగినప్పుడు నిజము చెప్పిన గుమాస్తాను నలుగురిలో కేకలు వేసితిమి. అది చూచినవాడు చెడువార్త ఎట్లు తెచ్చును? పెద్దలు చెడువార్త తెచ్చినవానిని కసరు చోట మేనేజరులు మంచివార్తలనే తెచ్చెదరు, నష్టము తన దారిన తాను వచ్చును.

నష్టమును మజూరీలనుండి కోయరాదని కమిటీ తీర్మానించెను. నేతవారు తప్పు చేయలేదు. సంఘపు నిధినుండి భరించితిమి. ఆ యువకుని తొలగింపవలెనని ఒకరిద్దరు అనిరి. అంత సొమ్ముతో నేర్చిన పాఠమును వాకిట పారవేయుటయా యని తక్కినవారు వాదించిరి. అతడు ఉండెను.

మరుసటి సంవత్సరము

మరుసటి ఏడు అదే దుకాణమువారు అంతే ఆర్డరుతో వచ్చిరి. అతడు వెంటనే గడువు చెప్పలేదు. "నాలుగు రోజులు టైమివ్వండి, అడిగి చెప్తాను" అనెను. నాలుగు రోజులు ఇల్లిల్లు తిరిగెను. ప్రక్క ఊరినుండి మరియొక గంజి కుటుంబమును కుదిర్చెను. 15 కట్టల నూలు ముందే కొనిపించెను. చీరెకు మూడు రోజులని వ్రాసెను. 60 రోజుల గడువు చెప్పి, రెండు విడతలుగా పంపెదనని వ్రాయించుకొనెను. దుకాణమువారు మొదట ముఖము చిట్లించిరి. సరకు 57 వ రోజున అందెను. రోజులు ఎక్కువ చెప్పినందుకు ఎవరును బాధపడలేదు. చెప్పిన మాట నిలిచినందుకు అందరును సంతోషించిరి.

పని ముగిసిన తరువాత అతడు మరియొక మంచి పని చేసెను. ఏ పనికి ఎన్ని రోజులనుకొన్నాము, ఎన్ని పట్టినవి, ఎందువలన అని ఒక నోటుపుస్తకములో వ్రాసి సంఘములో పెట్టెను. పని ముగియగానే లెక్క మరచుట కూడ ఒక పొరపాటే. వ్రాయని అనుభవము ఆ మనిషితోనే పోవును. ఆ పుస్తకము ఇపుడు క్రొత్తగా వచ్చువారికి మొదటి పాఠపుస్తకము.

గోడకు అంటించుకొనుటకు

క్రొత్త మేనేజరు ఏ పనికైనను సరే యనుటకు ముందు ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను.

1. ఈ పనిలో అందరికంటె తక్కువ చేతులున్న చోటు ఏది? వారి గడపకు పోయి అడిగితినా?

2. నూలు లెక్క నేను వేసితినా, వాడుక మాటను నమ్మితినా?

3. చేవ్రాలు పడిన మాదిరి నా చేతిలో నున్నదా?

4. పంచాంగము, వానలు చూచి పనిరోజులు లెక్కించితినా?

5. ప్రతి శనివారపు మజూరీకి సొమ్ము ఎక్కడినుండి వచ్చునో తెలియునా?

6. పని చేయు స్త్రీలు ఈ గడువును తమ నోట తిరిగి చెప్పిరా?

7. పని వెనుకబడినచో నేను ఏ రోజున, ఎవరికి చెప్పెదను?

కమిటీ పెద్దలు అడుగుకొనవలసిన ప్రశ్న ఒక్కటియే: ఆ చెడువార్తను మా పిల్లవాడు జంకు లేకుండ మా కడకు తేగలడా?

పడుగులో ఒక పోగు తెగినచో నేతవారు మగ్గ మాపి, ముడి వేసి, మరల నాడె నాడింతురు. తెగిన పోగును చూడనట్లు నేయువాని బట్ట ఎవరును కొనరు. పని నడుపుట కూడ ఇంతియే. తెగుట తప్పు కాదు. ఆపి ముడి వేయకుండుటయే తప్పు. మన సంఘముల బాధ్యత వహించు యువతీయువకులు ఈ మాటను మనసున నుంచుకొందురు గాక యని కోరుచున్నాము. ఇతర ఊళ్ల సంఘములవారు తమకు కలిగిన అనుభవములను, ముఖ్యముగా నష్టపడిన అనుభవములను, వ్రాసి పంపినచో సంతోషముతో చదివెదము.